యాంటీబయాటిక్స్ పుట్టింది మట్టిలో, చేరుతున్నదీ మట్టిలోకే: నేల, కెమిస్ట్రీ, వైద్యం కలిపి మాట్లాడుకుందామా?

రేగడిచేను:
అందరికీ నమస్కారం. నేల ఆరోగ్యం గురించి వ్యవసాయం వాళ్లు, మందుల తయారీ గురించి ఫార్మా వాళ్లు, మందులు పనిచేయకపోవడం గురించి డాక్టర్లు ఎవరికి వాళ్లే మాట్లాడుకుంటున్నారు. నాకు ఈ మూడూ ఒకే కథలా కనిపిస్తాయి. పైగా ఆ కథలో పెద్ద భాగం మన పటాన్‌చెరు చుట్టుపక్కలే జరిగింది, అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

సెల్మన్ వాక్స్‌మన్ డాక్టరు కాదు, మట్టిలో సూక్ష్మజీవుల మీద పనిచేసిన మనిషి. న్యూజెర్సీలోని రట్‌గర్స్‌లో ఆయన ల్యాబులో 1943లో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి, బాగా పశువుల ఎరువు వేసిన పొలం మట్టి నుంచి స్ట్రెప్టోమైసిస్ గ్రీసియస్ అనే సూక్ష్మజీవిని వేరు చేశాడు. దాని నుంచే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. క్షయ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే. 1952లో నోబెల్ వాక్స్‌మన్ ఒక్కరికే ఇచ్చారు, షాట్జ్‌కు ఇవ్వలేదు, అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగాన్ని నడుపుతున్న రోజుల్లో, అక్కడే పనిచేసే బెంజమిన్ దుగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్ల శాన్‌బోర్న్ ఫీల్డ్ మట్టి నుంచి ఆరియోమైసిన్ బయటికి తీశారు. 1948లో లోకానికి తెలిసింది, టెట్రాసైక్లిన్ జాతి మందులన్నిటికీ అదే మొదలు. శాన్‌బోర్న్ ఫీల్డ్ అంటే ఏమిటో తెలుసా? ఏ పంట వేస్తే, ఏ ఎరువు వేస్తే నేల ఎలా మారుతుందో ఏళ్ల తరబడి చూడడానికి 1888లో మొదలుపెట్టిన ప్రయోగ క్షేత్రం. నేల బాగోగుల కోసం కాపాడుకుంటూ వచ్చిన మట్టి నుంచి మనిషికి మందు దొరికిందన్నమాట. వాంకోమైసిన్ బోర్నియో మట్టి నుంచి, ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టి నుంచి, పరాన్నజీవులను చంపే ఐవర్‌మెక్టిన్ మందుకు మూలమైన జీవి జపాన్‌లో ఒక గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టి నుంచి వచ్చాయి.

ఇక రెండో సగం. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికి వస్తున్న నీళ్లను పరీక్షించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం అక్కడికి చేరేది. శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ! ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగు, మంజీర, అక్కడి నుంచి గోదావరి దాకా పోయేవి. 1972 నుంచి ఇక్రిశాట్ ఉన్నదీ అదే పటాన్‌చెరులో. నేల మీద పనిచేసే ప్రపంచస్థాయి సంస్థ, ప్రపంచానికి మందులు చేసే ఫ్యాక్టరీలు అంత దగ్గరగా ఉన్నా ఈ రెండు చదువులూ ఒకదానితో ఒకటి ఎంత మాట్లాడుకున్నాయి అన్నదే నా ప్రశ్న.

రియాక్టర్‌రూమ్:
మంచి విషయం ఎత్తారు. నేను బల్క్ డ్రగ్ (మాత్రల్లో ఉండే అసలు మందు) ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో ఉన్నాను, కంపెనీ పేరు అడగొద్దు. ఒక్క సంగతి స్పష్టం చేస్తాను. సిప్రో మట్టి నుంచి వచ్చిన మందు కాదు, మొదటి నుంచి చివరి దాకా ఫ్లాస్కులో పుట్టింది. ఆ తేడా మీ కథకు ఇంకా బలం ఇస్తుంది. స్ట్రెప్టోమైసిన్ లాంటివి కోట్ల ఏళ్లుగా మట్టిలో ఉన్నాయి, వాటిని విరగ్గొట్టే జీవులు కూడా అక్కడే ఉన్నాయి. ఫ్లోరోక్వినోలోన్లు, అంటే సిప్రో జాతి మందులు, మట్టికి కొత్త. తేలిగ్గా విరగవు, బంకమన్నును గట్టిగా పట్టుకుంటాయి. మీ పేరులో ఉన్న రేగడిలో ఆ బంకమన్నే ఎక్కువ కదా.

అంత వ్యర్థం ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. 1992లో రోజర్ షెల్డన్ అనే కెమిస్టు ఒక లెక్క పెట్టాడు, ఈ-ఫ్యాక్టర్ అంటారు. ఒక కిలో సరుకు తయారు చేస్తే ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుంది అని. పెట్రోకెమికల్స్‌లో అది చాలా తక్కువ, బల్క్ కెమికల్స్‌లో 1 నుంచి 5. మందుల్లో 25 నుంచి 100, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కిలో పప్పు కోసం పాతిక కిలోల పొట్టు పారబోసినట్టు. ఎక్కువ స్టెప్పులు ఉండటం, ప్రతి స్టెప్పులో వేరే సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాడటం, చివర్లో శుద్ధి కోసం మళ్లీ సాల్వెంట్, ఇవీ కారణాలు. వాడే పదార్థం మొత్తంలో సగానికి పైగా సాల్వెంట్లే ఉంటాయి. అసలు మందు మదర్ లిక్కర్‌లో (మందు వడకట్టాక మిగిలే ద్రవంలో) ఎంతో కొంత మిగిలిపోతుంది. పటాన్‌చెరు నీళ్లలో కనిపించింది ఆ రకం నష్టమే. పర్యావరణం సంగతి పక్కన పెట్టినా, అమ్ముకోవాల్సిన సరుకును డ్రైనేజీలో కలపడం కెమిస్టుగా నాకు బాధ కలిగిస్తుంది.

నక్కవాగు_ఒడ్డున:
మీరిద్దరూ చదువుకున్నవాళ్లు, నేను ఆ వాగు పక్కన సేద్యం చేసేవాడిని. మా నాన్న కాలంలో వాగు నీళ్లు పశువులు తాగేవి, వరి రెండు పంటలు పండేది. తర్వాత వాగు రంగు మారింది, వాసన మారింది, గేదెలు ఈసుకుపోవడం (కడుపు జారిపోవడం) మొదలైంది. బోరు నీళ్లు పెడితే మడిలో తెల్లటి పొర తేలేది. కోర్టుకు పోయారు, 1990లోనే సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్లింది, కొందరికి పరిహారం కూడా వచ్చింది. ఇప్పుడు ఆ శుద్ధి చేసిన నీళ్లు పైప్‌లైన్‌లో నగరం వైపు అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి పోతున్నాయి అంటారు. మా వాగు కొంత తేలికపడింది, నేను అబద్ధం చెప్పను. కానీ అదే నీళ్లు మూసీలో కలిస్తే అక్కడా రైతులే ఉన్నారు కదా.

నా ప్రశ్న ఒకటే. మా భూసార కార్డులో 12 అంశాలు రాస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. మా నేలలో మందు ఎంత ఉందో ఏ కార్డులో రాస్తారు? ఎవరు చెప్తారు? నా చేను ఆరోగ్యంగా ఉందా లేదా అని కార్డు చెప్పలేకపోతే అది నా కార్డు ఎలా అవుతుంది?

కల్చర్‌ప్లేట్:
నమస్తే అన్నా. నేను మైక్రోబయాలజీ డాక్టర్ని, జిల్లా ఆస్పత్రిలో పని. రోజూ కల్చర్ రిపోర్టులు సంతకం చేస్తుంటే ఆర్, ఆర్, ఆర్ అని వరుసగా వస్తుంటాయి, అంటే ఆ బ్యాక్టీరియాకు ఆ మందు పనిచేయదని. మీ వాగుకూ నా ప్లేటుకూ ఉన్న సంబంధం చెప్తాను.

యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు ఆస్పత్రిలో పుట్టలేదు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన మట్టిలోనే అవి దొరికాయని 2011లో ప్రచురించారు. అదే బృందం 2006లో మట్టిలోని 480 రకాల సూక్ష్మజీవులను (ఎక్కువ భాగం స్ట్రెప్టోమైసిస్ జాతివి) 21 మందులతో పరీక్షిస్తే సగటున ఒక్కొక్కటి ఏడెనిమిది మందులను తట్టుకుంది. మందు తయారు చేసుకునే జీవి తన మందుకు తానే చావకూడదు కదా, అందుకని ఆ రక్షణ ముందే ఉంటుంది. మన వార్డుల్లో సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్స్‌ను పనికిరాకుండా చేస్తున్న సీటీఎక్స్-ఎం అనే ఎంజైమ్ జన్యువు క్లుయ్‌వెరా అనే పర్యావరణ బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మారే చిన్న డీఎన్ఏ ముక్క) ఎక్కి మనిషి పేగుల్లోని ఈ. కోలీకి వచ్చింది. అంటే మట్టి, నీళ్లు ఒక పెద్ద గోదాము. ఆ గోదాములో మందు పోస్తే ఏమవుతుంది? తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకునేవి పెరుగుతాయి, జన్యువులు చేతులు మారే అవకాశం పెరుగుతుంది. పటాన్‌చెరు దగ్గర నది అడుగు మట్టిలో ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోటికి దిగువన ఇలాంటి జన్యువులు భారీగా ఉన్నాయని 2011లో చూపించారు కూడా.

మీ వరిలోకి మందు వెళ్తుందా అన్న భయం ఉండొచ్చు. మొక్కలు కొద్దిగా పీల్చుకుంటాయి, గింజకంటే ఆకుకూరల్లో ఎక్కువ కనిపిస్తుంది. అయితే నాకు అసలు ఆందోళన ఆ చుక్క మందు గురించి కాదు, ఆ మట్టిలో తయారయ్యే మొండి బ్యాక్టీరియా గురించి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. తప్పంతా ఫ్యాక్టరీలదే అని తేల్చేస్తే మా వృత్తి తప్పించుకున్నట్టు అవుతుంది. జలుబుకు అజిత్రోమైసిన్, విరేచనాలకు సిప్రో, మెడికల్ షాపులో చీటీ లేకుండా మూడు మాత్రలు, ఇవన్నీ రోజూ జరుగుతున్నవే. 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది నేరుగా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల చనిపోయారని లాన్సెట్ వైద్య పత్రిక లెక్క. ఆ లెక్కలో ఎన్ని దారులు కలిశాయో విడదీయడం కష్టం.

నిమ్మతోట_గూడూరు:
మేడమ్, మీరు మనుషుల మందు అంటున్నారు, మేము అదే చెట్టుకు కొడుతున్నాం. నిమ్మలో గజ్జి తెగులు వస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టమని షాపులో ఇస్తారు. దానిమ్మకు, వరి ఎండాకు తెగులుకు కూడా ఇదే. అందులో ఉన్నది పైన చెప్పిన స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్లే కదా? ఇన్నేళ్లుగా కొడుతున్నాం, ఇది క్షయ మందు అని ఎవరూ చెప్పలేదు. చెట్టు మీద పడేది కొంచెం, కింద పాదులో పడేదే ఎక్కువ. ఆపేస్తే గజ్జికి ఏం చెయ్యాలి? కాయ మీద మచ్చ ఉంటే మార్కెట్లో సగం రేటు కూడా రాదు.

కల్చర్‌ప్లేట్:
అవును, అవే. ఇది వింటుంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే స్ట్రెప్టోమైసిన్ ఇంకా క్షయ మందుల జాబితాలో ఉంది.

రేగడిచేను:
నిమ్మతోట గారూ, 2021 డిసెంబరులో కేంద్రం పంటల్లో ఈ రెండు మందుల వాడకాన్ని దశలవారీగా ఆపేసేలా ముసాయిదా ఆదేశం ఇచ్చింది. అమెరికాలో కూడా 2021లో నిమ్మజాతి తోటలకు స్ట్రెప్టోమైసిన్ కొట్టడానికి అనుమతి ఇస్తే, 2023 డిసెంబరులో అక్కడి కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఇది మనకు మాత్రమే ఉన్న సమస్య కాదు.

గజ్జికి చెయ్యాల్సింది ఏమిటంటే, వానలకు ముందే తెగులు ఉన్న కొమ్మలు కత్తిరించి కాల్చేయండి, కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. లేత చిగురు మీద ఆకు తొలిచే పురుగును అదుపులో పెడితే సగం పని అయినట్టే, ఎందుకంటే అది చేసే గాయాల నుంచే గజ్జి లోపలికి పోతుంది. గాలికి ముళ్లు గుచ్చుకున్నా అంతే, అందుకే తోట చుట్టూ గాలిని ఆపే చెట్లు ఉంటే మంచిది. రాగి మందు కొట్టొచ్చు కానీ దాన్ని కూడా ఎడాపెడా కొట్టకండి. రాగి మట్టిలోంచి ఎటూ పోదు, ఏళ్ల తరబడి పేరుకుంటుంది, పైగా లోహాన్ని తట్టుకునే జన్యువులు, యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు తరచూ ఒకే ప్లాస్మిడ్ మీద పక్కపక్కనే ఉంటాయి.

ఇక్కడే ఇంకో సంగతి. మీరు విత్తనశుద్ధికి వాడే సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ పొడి గుర్తుందా? అదే జాతికి చెందిన ఒక రకం నుంచే ముపిరోసిన్ వచ్చింది, చర్మం మీద పుండ్లకు రాసే ఆయింట్‌మెంట్. ఒకే మట్టి జీవి వేరును కాపాడుతుంది, మనిషి చర్మాన్ని కాపాడుతుంది. సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని నేలల్లో ఇలాంటివాటికి తిండి దొరకదు. జీలుగ, జనుము వేసి దున్నమని మేము పదేపదే చెప్పేది యూరియా మిగులుతుందని మాత్రమే కాదు.

స్వీడన్‌లో_తెలుగమ్మాయి:
నేను గోథెన్‌బర్గ్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడ ఈ విషయం మీద క్లాసులో పాఠం మొదలుపెడితే మొదటి స్లైడే పటాన్‌చెరు. మా సంగారెడ్డి జిల్లా పేరు ఇలా వినపడినప్పుడు ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

ఆ 2007 పరిశోధనలో ఇంకో లెక్క ఉంది. ఆ ప్లాంటు నుంచి రోజుకు బయటికి పోతున్న సిప్రో దాదాపు 45 కిలోలు అని అంచనా. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రో అంత ఉంటుంది. తర్వాత 2016లో, బ్యాక్టీరియాలో మొండితనం పెరగకుండా ఉండాలంటే నీళ్లలో ఏ మందు ఎంతకు మించకూడదో ఇక్కడి పరిశోధకులు ఒక పట్టిక ప్రచురించారు. సిప్రోకు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 31 మిల్లీగ్రాములు దానికి దాదాపు 5 లక్షల రెట్లు. ఆ నీళ్లు వాగులో పలచబడతాయి నిజమే, అయినా 5 లక్షల రెట్లు పలచబడేంత నీళ్లు ఎండాకాలంలో నక్కవాగులో ఎక్కడ ఉంటాయి?

భారత ప్రభుత్వం 2020 జనవరిలో ఫ్యాక్టరీ వ్యర్థజలంలో 121 యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. అలాంటి పని చేసిన మొదటి దేశాల్లో మనది ఒకటి అయ్యేది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది కానీ అవి సలహాలే, చట్టం కాదు. నార్వేలో అయితే ఆస్పత్రులకు యాంటీబయాటిక్స్ కొనే టెండర్లలో ధరతో పాటు తయారీ పర్యావరణానికి కూడా మార్కులు పెట్టారు. కొనేవాడు అడిగితేనే అమ్మేవాడు మారతాడని నా నమ్మకం. మన రాష్ట్రాల మందుల కొనుగోలు సంస్థలు కూడా ఈ ఒక్క షరతు పెట్టొచ్చు కదా?

రియాక్టర్‌రూమ్:
పెట్టాలి. మీరు చెప్పిన టెండరు షరతు వస్తే మా ఆర్ అండ్ డీ మీటింగుల్లో నా మాటకు విలువ వస్తుంది, ఇప్పుడు రాదు.

చాలామంది జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలని పద్ధతి) పెట్టేశాం కాబట్టి సమస్య తీరింది అంటారు. అది ఎలా పనిచేస్తుందంటే, స్ట్రిప్పర్‌లో సాల్వెంట్ లాగేసి, మిగిలిన నీళ్లను ఎంఈఈ అనే యంత్రంలో మరిగించి, చిక్కటి ద్రావణాన్ని ఏటీఎఫ్‌డీ అనే ఇంకో యంత్రంలో ఆరబెట్టి ఉప్పుగా మారుస్తారు. ఆ ఉప్పును దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతారు. నీళ్లు బయటికి రావు, మంచిదే, వాగులోకి వదలడంతో పోలిస్తే ఎంతో నయం. కానీ నీళ్లను మరిగించడానికి బాయిలర్‌లో బొగ్గు మండుతుంది, ఉప్పు కొండలా పేరుకుంటుంది. 1998లో పాల్ అనాస్టస్, జాన్ వార్నర్ పెట్టిన గ్రీన్ కెమిస్ట్రీ 12 సూత్రాల్లో మొట్టమొదటిది ఏమిటంటే, వ్యర్థం వచ్చాక శుద్ధి చేయడం కంటే రాకుండా చూడటం మేలు అని. మనం చేస్తున్నది దానికి తలకిందులు.

రాకుండా చేయొచ్చా? చేశారు. పెన్సిలిన్-జి నుంచి 6-ఏపీఏ అనే ముడిసరుకు తీస్తారు, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటివన్నీ దాని మీదే నిలబడతాయి. పాత పద్ధతిలో రియాక్టర్‌ను మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిచి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వేసి, డైక్లోరోమీథేన్, బ్యుటనాల్ లీటర్ల కొద్దీ పోసేవారు. ఇప్పుడు పెన్సిలిన్ అసైలేజ్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్‌ను చిన్న పూసలకు అంటించి, నీళ్లలో, ఒంటి వేడికి దగ్గరగా ఉండే ఉష్ణోగ్రతలో అదే పని చేయిస్తున్నారు. ఆ పూసల్ని వడకట్టి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ప్రపంచంలో ఈ సరుకు దాదాపు అంతా ఇప్పుడు ఈ దారిలోనే వస్తోంది. చౌక కూడా.

రేగడిచేను గారికి నచ్చే ఉదాహరణ ఇంకోటి ఉంది. క్యోటో విశ్వవిద్యాలయంలో హిదెయాకి యమాదా బృందం మట్టి నుంచి రోడోకాకస్ రోడోక్రోస్ జే1 అనే బ్యాక్టీరియాను వేరు చేసింది. దానిలోని ఎంజైమ్ వేడి, రాగి ఉత్ప్రేరకం లేకుండానే నీళ్లలో ఆక్రిలమైడ్ తయారు చేస్తుంది. విటమిన్ బి3, అంటే నికోటినమైడ్, తయారీకి కూడా దాన్నే వాడారు. ఒకప్పుడు జొన్నే ప్రధాన ఆహారంగా తిన్న మన తెలంగాణ పల్లెల్లో పెల్లాగ్రా వచ్చేది, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు దాని మీద పెద్ద పని చేశారు. ఆ జబ్బుకు ఇచ్చే విటమిన్ ఇదే. మట్టి జీవి, శుభ్రమైన తయారీ, మనిషి ఆరోగ్యం ఒకే గొలుసులో ఉన్నాయంటే ఇంతకంటే ఏం చెప్పాలి!

షుగర్ మందు సిటాగ్లిప్టిన్‌లో అయితే హైడ్రోజన్ ప్రెషర్, రోడియం లోహం రెండూ తీసేసి ఎంజైమ్ పెట్టారు. మొత్తం వ్యర్థం 19 శాతం తగ్గింది, దిగుబడి 10 శాతానికి పైగా పెరిగింది, 2010లో అమెరికా ప్రభుత్వ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా వచ్చింది.

నక్కవాగు_ఒడ్డున:
అన్నా, అంత మంచిదైతే అందరూ ఎందుకు చేయడం లేదు?

రియాక్టర్‌రూమ్:
న్యాయమైన ప్రశ్న. మందు తయారీ దారి మారిస్తే డీఎంఎఫ్‌లో (మందుల నియంత్రణ సంస్థకు ఇచ్చే తయారీ వివరాల ఫైలులో) మార్పు ఫైల్ చేయాలి, కొత్త మలినాలు ఏమొచ్చాయో చూపాలి, మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో స్టెబిలిటీ డేటా పెట్టాలి, కొనే ప్రతి కంపెనీ మళ్లీ ఒప్పుకోవాలి. ఇన్ని చేసేలోగా పక్కవాడు పాత పద్ధతిలోనే కిలోకు రెండొందలు తగ్గించి అమ్మేస్తాడు. ఎంజైమ్‌ను మన మందుకు సరిపోయేలా మలచడానికి డబ్బు, కాలం రెండూ కావాలి. మన దగ్గర చాలా యూనిట్లు చిన్నవి. ఒకప్పుడు ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీలో పని నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి పెట్టుకున్న యూనిట్ల నుంచే ఇక్కడి బల్క్ డ్రగ్ పరిశ్రమ పెరిగింది. ఆ తెలివి, ఆ కష్టం నాకు గర్వంగా ఉంటుంది, ప్రపంచంలో పేదవాళ్లు మందు కొనుక్కోగలుగుతున్నారంటే వాళ్ల పుణ్యమే. అయితే ఆ చౌకలో మీ వాగు ఖరీదు కలపలేదు. కలపాలి. నా ఉద్దేశంలో శుద్ధి ప్లాంటుకు సబ్సిడీ ఇచ్చే బదులు దారి మార్చుకునే చిన్న యూనిట్లకు ఇవ్వాలి, ఫైలింగ్ ఫీజులు కూడా తగ్గించాలి.

ఒక హెచ్చరిక కూడా. ఎంజైమ్, ఫెర్మెంటేషన్ అనగానే అన్నీ పచ్చగా ఉంటాయని అనుకోవద్దు. కాకినాడ దగ్గర 2024లో పెన్సిలిన్-జి తయారీ మొదలైంది, చైనా మీద ఆధారపడకుండా మన దేశంలో మళ్లీ అది తయారవడం చాలా అవసరం. కానీ ఫెర్మెంటేషన్ ఏదైనా అయ్యాక తడి మైసీలియం (మందు తయారుచేసిన బూజు పిప్పి) టన్నుల కొద్దీ మిగులుతుంది, అందులో కొంచెం మందు ఉంటుంది. ప్రోటీన్ ఎక్కువ కాబట్టి ఎరువుగా వేద్దాం అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. చైనాలో దాన్ని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పెట్టారు. మన దగ్గర ఎక్కడైనా దాన్ని చేలకు ఎరువుగా ఇస్తామంటే రైతులు ముందు పరీక్ష రిపోర్టు అడగాలి.

ఎమ్మెస్సీ_ఫైనల్:
సార్, మేడమ్, నేను ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఫైనల్ ఇయర్. ఇదంతా చదివాక ప్రాజెక్టు ఈ విషయం మీదే చేయాలని ఉంది. కోళ్లఫారం పెంట చేలకు వేస్తారు కదా, దాన్ని తీసుకోవచ్చా? మా ఊరి చుట్టూ ఫారాలే.

కల్చర్‌ప్లేట్:
చాలా మంచి విషయం అమ్మా. చరిత్ర కూడా కలుస్తుంది చూడు. సుబ్బారావు గారి కంపెనీలోనే ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి తొందరగా పెరిగాయని 1950 ప్రాంతంలో గమనించారు. కోళ్ల దాణాలో యాంటీబయాటిక్ కలపడం అక్కడి నుంచే ఊపందుకుంది. మన దేశంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా 2019 జులైలో నిషేధించారు, మిగతావాటిలో చాలా ఇంకా వాడుకలో ఉన్నాయి.

అయితే ప్రశ్న చిన్నదిగా పెట్టుకో. పచ్చి పెంట, బాగా మాగిన కంపోస్టు, ఈ రెంటిలో ఒక్కొక్కటి విడిగా వేసిన నేలలు, ఏదీ వేయని నేల, అంతే. టెట్రాసైక్లిన్ జాతి మందులు కంపోస్టు వేడిలో చాలావరకు విరిగిపోతాయి, ఫ్లోరోక్వినోలోన్లు అంత తేలిగ్గా విరగవు. మందు విరిగినంత మాత్రాన జన్యువులు పోయినట్టు కాదు, కాబట్టి రెండూ విడిగా కొలవాలి. సల్1, ఇంట్‌ఐ1, టెట్-ఎమ్ అనే జన్యువులు ఎన్ని ఉన్నాయో క్యూపీసీఆర్ పరీక్షలో చూస్తే చాలు. ఏమీ తేడా కనిపించకపోయినా రాయి. తేడా లేదన్న ఫలితం కూడా రైతుకు పనికొచ్చేదే.

నక్కవాగు_ఒడ్డున:
అమ్మా, ఏదీ వేయని నేల కావాలంటే దొరకొచ్చు కానీ వాగు నీళ్లు పారిన నేల కావాలంటే నా చేను ఉంది. వచ్చి మట్టి తీసుకో. నాది ఒక్కటే షరతు, ఫలితం వచ్చాక తెలుగులో రాసి నా చేతికి ఇవ్వాలి. ఇదివరకు ఎంతోమంది సీసాల్లో నీళ్లు, సంచుల్లో మట్టి పట్టుకుపోయారు, ఏం తేలిందో మాకు ఎవరూ చెప్పలేదు.

ఎమ్మెస్సీ_ఫైనల్:
తప్పకుండా ఇస్తాను బాబాయ్. మా గైడ్ గారితో మాట్లాడి మీకు మెసేజ్ పెడతాను. రేగడిచేను సార్, మట్టి ఎలా తీయాలో కొంచెం చెప్తారా? భూసార పరీక్షకు తీసినట్టేనా?

రేగడిచేను:
తీసే తీరు అదే. చేనులో ఎనిమిది పది చోట్ల జిగ్‌జాగ్‌గా నడుస్తూ, పైన ఆకు అలము తీసేసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్లు గుంట తవ్వి, గోడ వెంట పలచగా మట్టి గీరాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట తీయొద్దు. వాగు నీళ్లు మొదట పారే మడి, చివరి మడి విడివిడిగా తీసుకో, రెండూ కలపకు.

తేడా అక్కడి నుంచి మొదలవుతుంది. భూసార పరీక్షకు మట్టిని నీడలో ఆరబెడతాం, నువ్వు ఆరబెట్టకూడదు. శుభ్రం చేసిన చెంచాతో తీసి, కొత్త జిప్ కవర్లో వేసి, ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు తీసుకెళ్లు. జన్యువుల కోసం ఒక భాగం డీప్ ఫ్రీజర్‌లో, మందు అవశేషం కోసం ఒక భాగం వెలుతురు తగలకుండా పెట్టు, ఎందుకంటే మట్టిలో తేలిగ్గా విరగని సిప్రో కూడా వెలుతురుకు విరిగిపోతుంది. మూడో భాగం మామూలుగా ఆరబెట్టి ఆ 12 అంశాలూ చేయించు. కర్బనం, బంకమన్ను శాతం తెలియకుండా మందు లెక్క ఒక్కటే చూస్తే అర్థం చేసుకోలేవు. తొలకరి పడకముందు ఒకసారి, కోత అయ్యాక ఇంకోసారి తీస్తే పోల్చుకోవడానికి వీలవుతుంది.